గేటు పడింది

వ్యాను వెనక తలుపు తీస్తే
ముందు పెట్రోలు కంపు,
ఆ తర్వాత పోలారావు గురక.
రెండు బైకుల మధ్య జానెడు సందులో
గ్లౌజుల మూట తలకింద పెట్టుకుని
నాసిక్ నుంచి అలాగే వచ్చాడు.

ఇరవై నిమిషాల పోటీకి
ముప్పై గంటల రోడ్డు.
ఏడాది మొత్తంలో నేను గాల్లో ఉన్నది
కూడితే ఓ టీ చల్లారేంత సేపు.
మిగతాదంతా నేలే:
టోల్‌గేటు దగ్గర చిల్లర, దాబాలో నులకమంచం,
ఏ రాష్ట్రంలో ఉన్నామో మైలురాయి లిపిని బట్టి పోల్చుకోవడం.

కంచరపాలెం సందులో తెల్లారగట్ల
కుళాయి వచ్చే ఆ గంటలోనే బళ్లు కడగాలి.
మడ్‌గార్డు కింద నుంచి నాసిక్ నల్లరేగడి
ముద్దలు ముద్దలుగా ఊడుతుంది.
దాని లోపల పొర, గోరుతో గీకితే, కోయంబత్తూరు ఎరుపు.
ఇంకా లోపలిది ఎక్కడిదో గుర్తులేదు, అక్కడ ఓడిపోయుంటాను.
"ఊరూరి బురదా తెచ్చి మా గుమ్మంలో పోస్తన్నావేట్రా"
అంటుంది ఎదురింటి సత్తెమ్మ, చీపురుతో
దేశాన్ని కాలవలోకి తోస్తూ.
కాలవ గెడ్డలోకి, గెడ్డ హార్బరులోకి.

ఈసారి మూడో స్థానం.
చెక్కు వెనక టైరుకి సరిపోయింది.
కప్పులో పోలారావు నట్లు వేసుకున్నాడు.

ఈ ఊళ్లో ఓడలకి చోటుంది, విమానాలకి చోటుంది,
నాకే ట్రాకు లేదు.
నేను ఎగరడం మావాళ్లెవరూ చూడలేదు.
బ్యాంకులో "ఏం చేస్తుంటారు" అని అడిగితే
"టూరింగ్ జాబ్" అంటుంది హైమ, నా తరఫున.
నేర్చుకున్నది మాత్రం ఇక్కడే.
అగనంపూడి అవతల, లేఅవుటు కోసం పోసిన మట్టిగుట్టల మీద,
చేపలకి ఐసు మోసే ఎం-ఎయిటీతో.
మొదటిసారి ఎగిరినప్పుడు
ఐసుముక్కలు నాకంటే ముందు ఎగిరాయి,
నాకంటే మెత్తగా దిగాయి.

కాలర్ బోను మీద ఓ ప్లేటు, ఆరు స్క్రూలు.
మా నాన్న ఇరవయ్యేళ్లు కాంట్రాక్టు కూలిగా పోసిన ఉక్కే
చుట్టుతిరిగి నా ఒంట్లోకి చేరిందని
కొన్నాళ్లు గొప్పగా చెప్పుకున్నాను.
"ఉక్కు కాదయ్యా, టైటానియం" అన్నాడు డాక్టరు.
వానొచ్చే ముందు రోజు
ఆ ఆరూ విడివిడిగా తెలుస్తాయి.

నాసిక్‌లో నా పక్క గేటు కుర్రాడు,
పేరు అడుగుదామనుకుంటూనే ఉన్నాను,
రెండో దిబ్బ దగ్గర గాల్లోనే బండిని వదిలేశాడు.
అంబులెన్సు వెళ్లింది.
ట్రాకు మీద నీళ్లు చల్లారు.
పది నిమిషాలకి మళ్లీ గేటు పడింది.
నేనూ వెళ్లాను.
ఇది హైమకి చెప్పలేదు.

సాయంత్రం ఆమెని స్కూటీ మీద ఎక్కించుకుని
పెందుర్తి అవతల, వాళ్ల అక్కగారింటికి.
రైలు గేటు పడింది.
అందరూ ఇంజన్లు ఆపేశారు.
ఒకడు సెల్లు తీశాడు, ఒకావిడ పిల్లాడికి పల్లీలు ఒలుస్తోంది.
నేనొక్కణ్నే
ముందుకు వంగి, మోచేతులు ఎత్తి,
స్కూటీకి లేని క్లచ్చు కోసం
రెండు వేళ్లతో వెతుకుతున్నాను.
"గేటు పడిందయ్యా," వీపు మీద తట్టింది హైమ,
"ఎక్కడికెళ్తావు?"

కిరండోల్ నుంచి ఇనుపరాయి గూడ్సు
వచ్చింది, వచ్చింది, వస్తూనే ఉంది.
పెదాల మీద ఎర్రటి ధూళి.
నాలుకతో చూశాను. అలవాటు.
ఈ మట్టి మీద నేనెప్పుడూ తోలలేదు.

గేటు లేచింది.
లేస్తే ఏం చెయ్యాలో నా కాలికి తెలీదు.
బళ్లన్నీ చెరోపక్క నుంచి దాటిపోయాయి,
పల్లీల ఆవిడ కూడా.
వెనక ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా:
"బండి తోలడం రాదేటి బావూ?"